అంతా ఎప్పటిలెక్కనే, సార్

ఇటు తిరుగు రేఖా. గోడకేం చెప్తున్నవ్ బిడ్డా, నాకు చెప్పు. మూడు బస్సులు మారి వచ్చిన, టిఫిన్ మూత గూడ తియ్యలే నువ్వు. కోడికూర మీ బాపు వండి పంపిండు. తినవా? సరే, తినకు. రమ్యా, నువ్వన్న తిను. చెల్లె అలిగితే నువ్వెందుకు మాడుతవ్?

ఏమన్నవ్ రేఖా? దవాఖానకు రానోళ్ళు ఇప్పుడెందుకు వచ్చిన్రు అన్నవా?

అను. గట్టిగనే అను. పదకొండేండ్ల పిల్లవు, డెంగ్యూ జ్వరంతోటి జిల్లా దవాఖానల నాలుగు దినాలు పండుకున్నవ్. బాపు వచ్చిండు, అమ్మ రాలే. శనివారం నేను వచ్చేసరికి నువ్వు మళ్ళ ఈ హాస్టల్ బడిలకు వచ్చినవ్, నాతోటి ఒక్క మాట మాట్లాడలే. ఇయ్యాల్టికి రెండు నెలలు.

ఎందుకు రాలేదో మీ ఇద్దరికీ ఎవ్వరు చెప్పలే. మీ బాపు చెప్త అన్నడు, నేనే వద్దన్న. నా నోటితోటే చెప్త అన్న. నాలుగింటికి బెల్లు కొడ్తరు, మమ్మల్ని గేటు బయటికి తోలుతరు. అంతల చెప్పాలె. ముఖం గోడ దిక్కే పెట్టుకో. చెవులు ఇటు పెట్టు, చాలు.

నేను మాదాపూర్ల ఏం పని చేస్తనో మీకు సక్కగ తెల్వదు. ఆఫీసని చెప్పుకుంటరు మీ దోస్తులకు. ఆఫీసే. పదకొండో అంతస్తు, చుట్టూ అద్దాలు. మొదాలు చాయ్ కప్పులు కడిగిన. ఇప్పుడు మీటింగు రూములు నావి. ఆరు రూములున్నయి, ఒక్కొక్కదానికి ఒక్కొక్క నది పేరు. మంజీర, మూసీ, గట్ల. ప్రతి రూముల గోడ నిండ టీవీ. సార్లు ల్యాప్‌టాప్ పట్టుకొని వస్తరు. దాన్ల ఉన్న బొమ్మ టీవీల పడాలె. వైరు లేదు, ఏం లేదు. గాలిలనే పోతది.

ఎట్లనా? అగో, రమ్యకు కావాలె! చెప్త. ల్యాప్‌టాప్‌ల రెండు మీటలు ఒక్కసారి ఒత్తితే పక్కకు ఒక పట్టీ తెరుచుకుంటది. చుట్టుపక్కల టీవీల పేర్లన్నీ వస్తయి దాన్ల. మన రూము పేరు నొక్కాలె. అప్పుడు టీవీ మీద నాలుగు అంకెలు పడ్తయి. అవి ల్యాప్‌టాప్‌ల కొట్టాలె. అంతే. గింత పని పెద్ద పెద్ద ఇంజినీర్లకు రాదు. తొందరల పక్క రూము టీవీకి కలుపుతరు, ఆడ కూసున్నోళ్ళు లొల్లి పెడ్తరు. ఇగ "కనకలక్ష్మి ఏది, కనకలక్ష్మిని పిలువుండ్రి."

అసలు సంగతి కలిపినంక ఉంటది. రెండు తీర్ల కలపొచ్చు. ఒకటేమో, ల్యాప్‌టాప్‌ల ఏముంటే టీవీల గదే పడ్తది, ఉన్నదున్నట్టు. ఇంకో తీరు కలిపితే, సారు చూపెట్టాలనుకున్నదే టీవీల ఉంటది. ఆయన మెసేజులు, ఆయన మెయిళ్ళు ఆయన ముంగట్నే ఉంటయి. వేరెటోళ్ళకు కనవడవు.

నేను చేరిన కొత్తల ఒక సారుకు మొదటి తీరు కలిపిన. నాకేం తెల్సు? మీటింగు నడుస్తుండంగ వాళ్ళ అత్తగారు మెసేజ్ పెట్టింది, "అల్లుడూ, మొలలకు మందు తెచ్చుకున్నవా" అని. ఇరవై మంది పడి పడి నవ్విన్రు. నవ్వకే రమ్యా! పాపం, ఆ సారు వారం దినాలు క్యాంటీన్ దిక్కు రాలే.

ఆ దినం ఒట్టు పెట్టుకున్న. అడిగినా అడగకున్నా అందరికీ రెండో తీరే కలుపుత. మెసేజులు మీదికి దుంకకుండ ఆపే మీట ఉంటది, అది గూడ పెడ్త. వాళ్ళ తెర దిక్కు చూడ, కండ్లు దించుకుంట. నాలుగేండ్లు గట్లనే చేసిన. నేను వాళ్ళకొక పరదా కట్టిన. పరదా ఉన్నదని గూడ వాళ్ళకు ఎరుకలేదు.

ఆగు, నీ మెడ మీద అదేంది? దోమ కరిసిందా? దోమతెర కట్టుకుంటున్నవా లేదా? చిరిగిందా? వార్డెన్ మేడంకు చెప్పినవా? పోయేటప్పుడు నేను చెప్త. నీళ్ళు కాచి చల్లార్చినయే తాగుతున్నవా? ఊ అంటే కాదు, నోటితోటి చెప్పు. సరే, మాట్లాడకు. తల ఊపినవ్, చాలు.

మా మేనేజర్ ప్రశాంత్. సార్ అనబుద్ధి కాదు, కాని నోటికి పడిపోయింది. మీటింగుల కూసుంటే ఆయనకు చెయ్యి ఊకోదు. టీవీల ఏదో బొమ్మ పెట్టి, ముంగటేమో దోస్తుతోటి ముచ్చట్లు కొడ్తనే ఉంటడు. పెద్దోళ్ళ ఎదురుంగ కూసొని పెద్దోళ్ళ మీదనే జోకులు. ఎవ్వరికి కనవడదని గంత ధీమా. ఆ ధీమా ఎవరు ఇచ్చిన్రు? నేనే.

ఆగస్టుల మంగళారం మీ వార్డెన్ మేడం ఫోన్ చేసింది. "రేఖకు ప్లేట్‌లెట్లు పడిపోతున్నయి, దవాఖానల చేర్చినం" అన్నది. మీ బాపు బాలానగర్ వర్క్‌షాప్‌ల లేత్ మిషన్ మీద ఉన్నడు. నూనె బట్టలతోటే ఉరికిండు. నేను లీవ్ లెటర్ రాసి ప్రశాంత్ చేతుల పెట్టిన.

ఏమన్నడో ఎరుకనా? "అయ్యో, పాపకు అట్లయిందా. గురువారం బెంగళూరు నుంచి పెద్ద మేడం వస్తుంది కదా కనకలక్ష్మీ. నేనైతే ఇప్పుడే పంపిస్త. కాని పైకి పంపి అడగాలె" అన్నడు. పొద్దుగూకినంక పిలిచి, "పైనోళ్ళు వద్దన్నరు. నా చేతుల ఏమున్నది చెప్పు?" అన్నడు. ముఖం గింత చేసుకొని అన్నడు. పాపం, నాకంటే ఆయనకే బాధయినట్టు.

నువ్వు ఇక్కడ సూదులు పొడిపించుకుంటుంటే నేను ఆడ టీవీలు కలిపిన బిడ్డా. ప్రతి గంటకు బాపుకు ఫోన్ చేసుడే. ప్లేట్‌లెట్లు ముప్పై వేలు అన్నడు. మళ్ళ చేస్తే ఇరవై రెండు వేలు అన్నడు. ఫోన్ పెట్టి మూసీ రూములకు పోయిన. టీవీ మీద అంకెలు పడ్డయి. నేనేం కొట్టిన్నో ఎరుకనా? రెండు, రెండు, సున్న, సున్న. టీవీ తప్పన్నది. మళ్ళ గదే కొట్టిన. "ఏమైంది అక్కా" అని ఎవరో అడిగిన్రు. "ఏం లేదు సార్" అన్న.

నువ్వు మంచిగైనవ్, దేవుని దయ.

నువ్వు దవాఖాన నుంచి బయటపడ్డంక సోమవారం ప్రశాంత్ ల్యాప్‌టాప్ కలపవోయిన. కండ్లు దించుకునేలోపే నా పేరు కనవడ్డది. మన పేరు ఏ మూలకున్నా మనకు కనవడ్తది గద. దోస్తుకు రాసిండు. "కనకలక్ష్మి లీవ్ అడిగింది, పైకి పంపనేలేదు. ఆమె పోతే టీవీలు ఎవడు కలుపుతడు? పిల్లకు జ్వరమట. వీళ్ళకు రోజూ ఏదో ఒకటి." పక్కకు నవ్వే బొమ్మలు. మూడు. కండ్లల్ల నీళ్ళొచ్చేటట్టు నవ్వే బొమ్మ ఉంటది చూడు, అవి.

సక్కగ కలిపిన. ఏసీ తగ్గించిన. నీళ్ళ సీసాలు వరుసగ పెట్టిన. బయటికొచ్చి బాత్రూంల నల్లా ఇప్పి నిలవడ్డ. ఏడ్వలే రమ్యా, నిలవడ్డ. వీనికి నేను కట్టిన పరదా నేనే తీస్త అనుకున్న. ఆయన మీద పడి తిట్టొచ్చు, కాగితం రాసి పైకి పంపొచ్చు. ఊహు. ఆయన నోటితోటే ఆయన చెప్పాలె, అందరు చూస్తుండంగ చెప్పాలె.

నెల దినాలు ఆగిన. నెల దినాలు "గుడ్ మార్నింగ్ సార్" అన్న. ఆయన చాయ్‌ల చక్కెర గూడ ఎప్పటంతే వేసిన.

బెంగళూరు మేడం మళ్ళ వచ్చింది. మంజీర రూము. పదిహేను మంది. ఆ దినం ప్రశాంత్ చూపెట్టేది ఏందో చెప్తే నమ్మరు. "మన స్టాఫ్, మన కుటుంబం." దాన్ల నా ఫోటో గూడ ఉన్నది, చాయ్ ట్రే పట్టుకొని పండ్లన్నీ బయటపెట్టి నవ్వుకుంట!

కలిపిన. ఉన్నదున్నట్టు పడే తీరు కలిపిన. మెసేజులు ఆపే మీట తీసేసిన. "అంతా ఓకేనా కనకలక్ష్మీ?" అన్నడు.

"అంతా ఎప్పటిలెక్కనే, సార్" అన్న.

బొమ్మలన్నీ చూపెట్టిండు. చప్పట్లు కొట్టిన్రు. ఆఖరుకు దండం పెట్టే బొమ్మ టీవీల ఉంచి, టీవీకి వీపు పెట్టి కూసున్నడు. ముంగట ల్యాప్‌టాప్. మేడం ఇంకెవరినో ఏదో అడుగుతుంది. నేను తలుపు కాడ. ముందే రాసిపెట్టుకున్న మెసేజ్ ఉండె ఫోన్ల. పంపిన.

"సార్, ఆగస్టుల నా బిడ్డకు డెంగ్యూ అయినప్పుడు లీవ్ లెటర్ ఇచ్చిన గద. అది పైకి పోయిందా?"

టీవీ మూలకు టింగున పడ్డది. ప్రశాంత్ ల్యాప్‌టాప్‌ల చూసి నొక్కిండు. నొక్కంగనే గోడ నిండ తెరుచుకున్నది. గోడంత టీవీ బిడ్డా, ఒక్కొక్క అక్షరం గుమ్మడికాయంత! మేడం మాట ఆపింది. అందరి తలకాయలు అటే తిరిగినయి. ఆయనేమో తననే చూస్తున్రనుకొని జర నవ్విండు. నవ్వుకుంటనే కొడుతుండు. ఆయన వేళ్ళు ఇక్కడ ఆడితే అక్షరాలు అక్కడ పుడ్తున్నయి.

"పంపిన. మేడమే వద్దన్నది. ఇప్పుడెందుకు ఆ లొల్లి? ఈ ముసలామె పోయినంక మాట్లాడదాం."

మేడంది అనంతపురం దిక్కు. తెలుగు మంచిగ చదువుతది. కండ్లద్దాలు సర్దుకున్నది. మెల్లగ అడిగింది. "నేనెప్పుడు వద్దంటి ప్రశాంతప్పా?"

వెనకకు తిరిగిండు! ఇగ ఆ ముఖం... ఏం చెప్పాలె. చెవులు ఎర్రగైనయి, పెదవులు తెల్లగైనయి. టప్పున ల్యాప్‌టాప్ మూత మూసిండు. టీవీ నల్లగైంది. ఏం ఫాయిదా? చదివినోళ్ళు చదివిన్రు. ఒక్కరు నవ్వలే. నవ్వితే ఆయన బతికిపోతుండె. నేను పోయి ఆయన ముంగట నీళ్ళ సీసా పెట్టి, మూత గూడ తీసిచ్చిన.

వారం తిరగలే, తీసేసిన్రు. పోయే దినం అట్టపెట్టె పట్టుకొని లిఫ్ట్ కాడ కనవడ్డడు. "నువ్వే కదా చేసింది" అన్నడు. "లిఫ్ట్ వచ్చింది సార్" అన్న.

ఆయనకు గూడ పిల్లలున్నరు. ప్రగతి నగర్ల ఇల్లు, చిన్నోడు యూకేజీ. ఎరుకనే. జాలి పడాలని చూసిన. అయితలేదు.

అగో! నవ్వినవ్. చూసిన, దాచకు. ఇటు తిరిగినవ్ గద, ఇగ తిను. ఆ కాలు ముక్క నీదే. మీ బాపు గూడ గిట్లనే నవ్విండు. ఇప్పుడు బస్తీల చంద్రయ్య హోటల్ కాడ రోజూ గిదే కథ. "నా భార్యను ఆపిన్రు, ఎట్ల దెబ్బ కొట్టిందో చూడుండ్రి" అని. నన్ను చూస్తే లేచి కుర్చీ ఇస్తున్రు.

ఇక్కడ ఆపితే మంచిగుంటుండె. ఆపుదామనే వచ్చిన. నువ్వు అన్నం కలుపుకుంటుంటే చూసి ఆపలేకపోతున్న.

మేడం నన్ను లోపలికి పిలిచింది ఆ దినం. కూసోబెట్టింది. "పిల్లలు ఆసుపత్రిలో ఉంటే ఎవరినీ అడగకుండా పోవచ్చమ్మా. పోయినాక చెప్తే చాలు. ఆ రూలుంది కదా, నీకెవరూ చెప్పలేదా?" అనడిగింది. "తెల్వదు మేడం" అన్న.

తెల్సు. ఆ కాగితం ప్యాంట్రీ గోడకు అతికించింది నేనే.

తినుకుంటనే విను రేఖా. ఆగస్టుల ఆ గురువారం, కాంట్రాక్టోళ్ళల నలుగురిని కంపెనీల పర్మనెంట్ చేస్తరని అందరు అనుకుంటుండిరి. మేడం వచ్చినప్పుడు నేను ఆమె ముంగట కనవడాలె అనుకున్న. బాపు ఉన్నడు గద నీ కాడ అనుకున్న. దవాఖానల చేర్చిన్రు గద, డాక్టర్లున్నరు గద అనుకున్న. రాత్రి బస్సు ఉండె. జేబీఎస్ బస్టాండ్ల ఎక్కితే మూడు గంటలు.

ప్రశాంత్ "పైనోళ్ళు వద్దన్నరు" అన్నప్పుడు నా పాణం మండలే బిడ్డా. నిమ్మళమైంది. పోకపోవుడు నా తప్పు కాదనేటందుకు ఒక మనిషి దొరికిండు. ఆయన చెప్పింది అబద్ధం, నిజమే. ఆ అబద్ధం నాకు పనికొచ్చింది. నలుగురిల నా పేరు గూడ వచ్చింది.

ఆయన మీద పగ తీర్చుకున్న. మళ్ళ దొరికితే మళ్ళ తీర్చుకుంట, అందుల మార్పు లేదు. మరి నా మీద ఎవరు తీర్చుకోవాలె? రెండు నెలల నుంచి నువ్వొక్కదానివే తీర్చుకుంటున్నవ్. తీర్చుకో. ముద్ద కింద పెట్టినవా? పెట్టు. నేనేమనను.

బెల్లు కొట్టిన్రు. లేవుండ్రి. డబ్బా లోపలికి తీసుకపోండ్రి, దోస్తులకు పెట్టుండ్రి.

రమ్యా, ఒక్క మాట. వచ్చే నెల బాపు వస్తడు. ఆఖరు ముచ్చట ఆయనకు తెల్వదు. ఎన్నోసార్లు మొదలుపెట్టిన, నాతోటి కాలే. మీరిద్దరు కూసోబెట్టి చెప్పుండ్రి. నవ్విచ్చే సగం ఆయనకు వచ్చు. ఈ సగం మీరు చెప్పుండ్రి.