చిల్లు పడని ఆకులు

చిట్టమూరులో చెల్లెలి కాన్పు చూసుకుని వచ్చిన ఆమె, చెనక్కాయ చేను గట్టు మీదే నిలబడిపోయింది. చేనంతా ఈనెలే మిగిలాయి. చుట్టూ వేసిన ఆముదం చెట్లు మాత్రం గొడుగులు విప్పినట్టున్నాయి.

"ఏమయ్యా, పురుగులు ఆముదాన్ని వదిలిపెట్టి చేలో పడినాయే?"

"ఆముదానికి మందు కొట్టినా. ఒక్క చిల్లు లేదు, చూడు," అన్నాడు మొగుడు గర్వంగా.

"ఆహా! పురుగు దాని మీదికి పోతే చేను బతుకుతుందనే గదా ఆముదం వేసింది? విస్తరేసి పిలిచి, కూర్చోబోతుంటే తరిమినావు. అవి నేరుగా వంటింట్లోకే దూరినాయి."

"నా మీద ఎగరబాక. అన్నీ చిల్లులాకులే, మోకాలి నొప్పికి కట్టుకునేదానికి ఒక్కటీ పనికిరాదని పోయేముందు ఏడ్చిందెవరు?"

ఆమె అతని వైపు తిరిగింది.

"అంటే, ఇదంతా నా మోకాలి మీద ప్రేమా?"

"మరి?"

"మందు కొట్టిన ఆకు ఒంటికి కట్టుకుంటారా, మహానుభావా?"

ఆమె కోసమని గట్టు మీద కోసి ఉంచిన ఆముదం ఆకుల వైపు అతను వెర్రిచూపు చూశాడు.

"సరే, అవి పారేసి చేతులు కడుక్కో. ఆముదం వెచ్చబెడతా, నువ్వే రుద్దు. చేలో నీకింక పనేం మిగిలింది గనక!"