ఎవరు, ఎప్పుడు, ఏం తుడిచారు

కుట్టు మిషన్లు బాగుచేసే దుకాణం, వెనకగది. ముందుగదిలో పెద్దకొడుకు ఎవరిదో మిషను విప్పుకుని కూర్చున్నాడు. ఇక్కడ కంప్యూటరు ముందు అతని భార్య, ఆ పక్కనే స్టూలు మీద, కాసేపు నడుం వాల్చమన్నా వాల్చకుండా, అతని తల్లి.

"అలా కుదిస్తే ఫొటోల్లో ఉన్నవన్నీ నలిగిపోవూ?"

"నలగవత్తయ్యా. మళ్లీ విప్పితే ఎలా ఉన్నవి అలాగే వస్తాయి."

"పరుపు చుట్టి తాడు కట్టినట్టన్నమాట."

"అలాంటిదే."

"పరుపు విప్పాక రెండ్రోజులు ఎగుడుదిగుడుగా ఉంటుంది. మీ మామయ్య ఓసారి అలాంటి దానిమీద పడుకుని మెడ పట్టేసి, వారం రోజులు గోడవైపు చూస్తూ మిషన్లు బాగుచేశారు. ఒక్కటీ తిరిగిరాలేదు."

"ఇది అలా కాదు. కాస్త ఆ మోచెయ్యి తీస్తారా, మౌసు కదలడం లేదు."

"ఎంతవరకు వచ్చింది?"

"ఫైళ్లు అయిపోయాయి. అంటే మన వెబ్‌సైటులో పేజీలూ ఫొటోలూ. ఇప్పుడు డేటాబేసు."

"అది వద్దులే."

"ఏది?"

"ఆ రెండోది. ఫొటోలు వచ్చాయిగా, చాలు."

"డేటాబేసు లేకపోతే వెబ్‌సైటే లేదత్తయ్యా. ఎవరి మిషను, ఏం మార్చాం, మళ్లీ ఎప్పుడు రమ్మన్నాం, అన్నీ అందులోనే."

"అవన్నీ నాకు గుర్తే. అడుగు."

"ఇప్పుడా?"

"అడుగమ్మా."

"సరే. మొదటి పేరు, నర్సుగారు. పచ్చ మిషను."

"మొదటిసారి బెల్టు. రెండోసారి పెడలు. మూడోసారి ఏమీ లేదు, సూది తిరగేసి పెట్టుకుంది. చెబితే చిన్నబుచ్చుకుంటుందని మీ మామయ్య గంటసేపు అన్నీ విప్పి, మళ్లీ బిగించి ఇచ్చారు."

"ఇందులో మూడోసారి సర్వీసింగు అని ఉంది."

"చూశావా. నేనే నయం. దాన్ని వదిలెయ్."

"ఐదింటికి సర్వరు కంపెనీవాళ్లు ఆపేస్తారత్తయ్యా. ఈలోపు తీసుకున్నదే మనది, తీసుకోనిది పోయినట్టే. రెండు కాపీలు చెయ్యాలి. ఒకటి మనకి, ఒకటి మరిదికి."

"అందులో చిట్టా ఒకటి ఉందట కదా."

"ఎవరన్నారు?"

"పెద్దాడే. రాత్రి భోజనాల దగ్గర. ఆ కంపెనీ అమ్మాయి ఫోన్లో చెప్పిందట. లోపలికి ఎవరొచ్చారు, ఎప్పుడొచ్చారు, ఏం తుడిచారు, అంతా వెబ్‌సైటు తనంతట తనే రాసుకుంటుందట. తమ్ముడే మన ఫొటోలన్నీ తుడిచేశాడంటే రెండేళ్లుగా నా మాట ఎవరూ నమ్మలేదు, రేపు దాన్ని అచ్చు తీసి తమ్ముడి దుకాణం తలుపుకి అంటించి వస్తాను అన్నాడు. రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు."

"నాతోనూ అన్నారు. నాలుగింటికి వచ్చి చూస్తారట."

"ఇప్పుడెంతయింది?"

"మూడూ ఇరవై."

"అయితే ఆ చిట్టా ఒక్కటీ తీసేసి మిగతాది కుదించు. బరువు తగ్గుతుంది."

"దాని బరువెంతత్తయ్యా, ఉత్త అక్షరాలు. మీ ఒక్క ఫొటో పాటి చెయ్యదు."

"నా ఫొటో ఏది?"

"మాటవరసకి అన్నాను."

"నా ఫొటో అందులో ఉందా?"

"లేదు. అప్పుడు తుడిచిపెట్టుకుపోయిన పదకొండు వందల ఫొటోలతోపాటే పోయిందిగా. ఎందుకలా చూస్తారు?"

"ఏం లేదు. స్టూలు గట్టిగా ఉంది."

"దిండు తెమ్మంటారా?"

"వద్దు. తీసేస్తే ఏమవుతుంది?"

"ఏది?"

"చిట్టా."

"ఆయన వచ్చి అడిగితే ఏం చెప్పను?"

"కుదించేటప్పుడు నలిగిపోయిందని చెప్పు."

"నలగవని ఇందాకే చెప్పాను."

"నాకు చెప్పావు. వాడికి చెప్పలేదుగా."

"అత్తయ్యా, మరిదే తుడిచాడని అందులో తేలితే గొడవ ఇంకా ముదురుతుందనా మీ భయం?"

"వాడు తుడవలేదు."

"అదే, ఒకవేళ తేలితే..."

"తేలదు. ఏడాదిపాటు ఆ కిటికీ దగ్గర తెల్లదుప్పటి పరిచి, ఒక్కో షటిలూ, ఒక్కో స్ప్రింగూ పెట్టి ఫొటో తీశాడు. మబ్బు పడితే ఆ రోజుకి ఆపేసేవాడు. వేరే దుకాణం పెట్టుకుంటున్నాడని అలాంటివాడు అన్నీ తుడిచేసి పోతాడా?"

"మరి ఎవరు?"

"ఏమో."

"అత్తయ్యా."

"ఎంతవరకు వచ్చింది?"

"అరవై శాతం. ఎవరు?"

"ఇందాకట్నుంచీ అరవై దగ్గరే ఆగిందేం?"

"అది ఆగలేదు. మీరే ఆగారు."

"మన గురించి అని ఒక పేజీ ఉండేది. అందులో నా ఫొటో గుర్తుందా?"

"కౌంటరు దగ్గర నిద్రపోతున్నది. మెడలో ఐదు మిషను బెల్టులు."

"ఏడు. నోరు కూడా తెరుచుకుని ఉన్నాను. వచ్చిన ప్రతివాళ్లూ, అది మీరేనా అని. సూది తిరగేసి పెట్టుకున్నావిడతో సహా. తీసెయ్యరా అంటే చిన్నాడు, అమ్మా, నిన్ను చూసే జనం వస్తున్నారంటాడు."

"సరే."

"ఆ రోజు వాడు కొత్త దుకాణానికి సామాను సర్దుకుంటున్నాడు. పెద్దాడు ఊళ్లోకి వెళ్లాడు. కౌంటరు మీది కంప్యూటరు తెరిచే ఉంది. అది నా పేరుతోనే తెరుచుకునేది కదా, వచ్చినవాళ్లకి ఫొటోలు చూపించమని చిన్నాడే ఏర్పాటు చేశాడు. నా బొమ్మ గుర్తుపట్టడానికి నాకు చదువెందుకు? దానిమీద నొక్కాను. చుట్టూ ఉన్నవన్నీ నీలంగా అయ్యాయి. బాగానే ఉంది అనుకున్నాను. ఇంకోటి నొక్కాను. చిన్న డబ్బా ఒకటి వచ్చి ఏదో అడిగింది."

"ఏమని?"

"ఇంగ్లీషులో అడిగింది, నాకేం తెలుసు. అడిగినప్పుడు సరేననడం మర్యాద కదా అని ముందున్నది నొక్కాను. అన్నీ పోయాయి. బాబిన్లు, పాదాలు, స్క్రూలు. నేను కూడా పోయాను. మళ్లీ వస్తాయేమోనని కాసేపు చూశాను. తరవాత లోపలికెళ్లి బట్టలు మడతపెట్టాను."

"రెండేళ్లయింది, అత్తయ్యా."

"సాయంత్రం పెద్దాడు వచ్చి చూసి, పోతూ పోతూ తుడిచేశావు కదరా అన్నాడు. చిన్నాడు నేను కాదన్నయ్యా అంటే చాలు, నేనేరా అని వచ్చేద్దామని తలుపు పట్టుకునే నిలబడ్డాను. వాడు ఒక్క మాటా అనలేదు. పెట్టె ఎత్తుకుని వెళ్లిపోయాడు. వాడు మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. మర్నాడు చెబుదామనుకున్నాను. మర్నాటికి పెద్దాడు తిండి మానేశాడు. తిన్నాక చెబుదామనుకున్నాను. తిన్నాడు. అప్పుడు బాగా తింటున్నాడు కదా, ఎందుకు చెడగొట్టడం అనుకున్నాను. అలా అలా ఇక్కడిదాకా వచ్చింది."

"వారానికోసారి మరిది దగ్గరికి వెళ్తారు కదా మీరు."

"వెళ్తాను. కుర్చీ వేస్తాడు. అన్నయ్య ఎలా ఉన్నాడని అడుగుతాడు, బాగున్నాడంటాను. ఇంటికొస్తే పెద్దాడు వాడి గురించి అడగడు, అయినా బాగున్నాడని చెబుతాను. నీ కూతురికి బాబాయి మొహమే తెలియకుండా పోతోంది."

"తెలుసు. రోడ్డు మీద కనబడితే నా వెనక దాక్కుంటుంది."

"నేననేదీ అదే."

"తొంభై శాతం."

"ముందుగదిలో చప్పుడు ఆగింది."

"చేతులు కడుక్కుంటున్నట్టున్నారు. చెప్పండి, ఆ చిట్టా ఏం చెయ్యమంటారు?"

"ఉంచు."

"ఉంచనా?"

"ఉంచు. కుదించి రెండు కాపీల్లోనూ పెట్టు. నా నోటితో చెబితే, చిన్నకొడుకుని వెనకేసుకొస్తున్నావమ్మా అంటాడు. వాడికి కాగితం మీద కనబడాలి. తలుపుకి అంటిస్తానన్నాడుగా, మన తలుపుకే అంటించుకోమను. నా పేరు స్పష్టంగా ఉంటుందా అందులో?"

"మీకు తెలుసన్న సంగతి మాకు తెలియదత్తయ్యా."

"నేనడిగింది అది కాదు. నా పేరు ఉంటుందా లేదా?"

"ఉండేది. చిట్టాలో అది ముందే చూసిన మరిది, ఆ సాయంత్రమే పెట్టె పట్టుకుని వెళ్తూ వెనకగుమ్మంలో నన్ను ఆపి, నా చేత చెరిపించేశాడు, 'వదినా, తన చేత్తోనే పోయాయని అమ్మకి ఎప్పటికీ తెలియకూడదు' అని."