ఆపాల్సింది ఆయనే

పదవీ విరమణ చేస్తున్న మికామి సుమియే గారు ఉద్యోగ ధర్మంగా చివరిసారి వెళ్ళిన నాడు నోజిరి వారింట్లో నలుగురున్నారు: సోయా పాలను గడ్డకట్టించి టోఫు తయారుచేసే కత్సుహికో గారు, వారి భార్య హరుయో గారు, కూతురు షిహో, టోఫు కాగును ఇక అమ్మేయమని చెప్పడానికి వచ్చిన బావమరిది యసుజి గారు.

1986 ఏప్రిల్ ఒకటో తేదీన మన పునరావాస కేంద్రంలో చేరిన సుమియే గారు తొలి ఏళ్ళలో విరిగిన చేతులకు, చచ్చుబడిన వేళ్ళకు పని నేర్పారు. తరువాత, నుదుటి వెనుక మెదడు దెబ్బతిని, చేతులు బాగానే ఉన్నా పని మొదలుపెట్టడమో, మొదలైనది ఆపడమో చేతకాని వారిని తమ బాధ్యతగా స్వీకరించారు. ఏడాది దాటితే ఇక మెరుగుదల ఉండదని పెద్ద వైద్యులొకరు సభలో అన్నప్పుడు లేచి, "ఏడాదికి తలుపులు మూసుకోవడానికి మెదడేమైనా దుకాణమా?" అని అడిగి కూర్చున్నారు. ఆ మాట వారికి పదోన్నతి తేలేదు. వారూ దాన్ని వెనక్కి తీసుకోలేదు.

ఇంటికప్పు మీది మంచు తోస్తూ జారిపడిన కత్సుహికో గారికి తెడ్డు పట్టడం వచ్చు, ఆపడం రాదు. సోయా పాలలో అవి గడ్డకట్టడానికి విరుగుడు నీరు పోశాక ఒకటి రెండు మార్లు తిప్పి ఆపాలి. ఆయన పేరుకున్న గడ్డ అంతా ముక్కచెక్కలయ్యేదాకా కలిపేవారు. ఇంట్లోవారు "చాలు" అంటే ఆగేవారు. సుమియే గారు ఆ మాటను ఇంట్లో నిషేధించారు.

"ఆయన లోపల ‘చాలు’ అనేవాడు ఒకడున్నాడమ్మా, నిద్రపోతున్నాడు. వాడి పని మీరు చేస్తుంటే వాడెందుకు లేస్తాడు?"

గుమ్మం దగ్గర సెలవు తీసుకునేటప్పుడూ అదే తంతు. సుమియే గారు వంగి నమస్కరిస్తే ఆయన వంగేవారు. ఆయన మళ్ళీ వంగితే మర్యాదకు వీరూ వంగేవారు. మంచు కురుస్తున్నా అది తెగేది కాదు.

"బావకి బుర్ర దెబ్బతింది, సరే. మీకేమైందండీ?" అన్నారు యసుజి గారు ఒకసారి.

"నేను ముందు ఆపను. ఆపాల్సింది ఆయనే" అన్నారు సుమియే గారు, మళ్ళీ వంగుతూ.

ఆ చివరి రోజున, గడ్డ ముక్కలైపోతే కాగు అమ్మేయడానికి హరుయో గారు ఒప్పుకున్నారు. తెడ్డు తిరిగింది. మళ్ళీ తిరిగింది. ఇంకా తిరుగుతూనే ఉంది. యసుజి గారు నోరు తెరవబోతే, కొత్తవారి ముందు తలెత్తని షిహో మామయ్య నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. కాస్త ఆలస్యంగానైనా, ఎవరూ చెప్పకుండానే, తెడ్డు ఆగింది. అంచులు చెదిరాయి, నడిమి గడ్డ నిలిచింది.

"ఇలాంటిది ఎవడు కొంటాడు?" అన్నారు యసుజి గారు.

"అయితే నువ్వు తిను" అన్నారు కత్సుహికో గారు.

గుమ్మంలో సుమియే గారు వంగారు. ఆయనా వంగారు. సుమియే గారు అలవాటుగా మళ్ళీ వంగబోయారు. ఆయన మాత్రం నిటారుగా నిలబడ్డారు. ఈ వీడ్కోలు సంచికలో మనమందరం చెప్పవలసిన ఆశీస్సు ఆయన నోటే వచ్చింది.

"చాలండీ. ఇక మా కోసం రావద్దు. నడుంనొప్పి లేకుండా నిండు నూరేళ్ళూ హాయిగా ఉండండి."

హరుయో గారు సిగ్గుతో "ఏమండీ" అంటూ ముందుకొచ్చేలోగా, సగం వంగిన సుమియే గారి ముఖం మీదే ఆయన తలుపు లాగి మూసేశారు.