రెండు కొంగల కత్తులు

మధ్యాహ్నం వేళ, మేడ మీద ఇంట్లో తండ్రి ఒక చెక్కపెట్టెను కాలితో కూతురి వైపు నెట్టాడు. ఆయన చూపు మాత్రం గుమ్మం మీదే ఉంది.

“తీసుకుపో అంటే తీసుకుపో. ప్రశ్నలెందుకు?”

“నాన్నా, కళ్లజోళ్ల దుకాణంలో మనుషుల్ని కూర్చోబెట్టి పరిగెత్తుకొచ్చాను. ఉన్నపళంగా రా అన్నావు. నీ గొంతు వింటే ఏదో అయిపోయిందనుకున్నాను. తీరా వస్తే మడతకత్తుల పెట్టె మోసుకుపొమ్మంటున్నావు.”

“అవును. మీ అమ్మ కూరలు కొనుక్కుని వచ్చేలోపు పట్టుకుపో.”

“అమ్మకి తెలీకుండానా? ఎందుకు?”

“సంచీ తెచ్చావా?”

“అమ్మకి తెలీకుండా ఎందుకూ అంటున్నాను.”

“ఇదిగో తాళంచెవి. ఇదీ నీ దగ్గరే ఉంచుకో. నేనడిగినా ఇవ్వకు. బతిమాలినా ఇవ్వకు. తిట్టినా సరే, ఇవ్వకు.”

“గొడవపడ్డారా? ఇల్లంతా ఇనుమేనని మళ్లీ అందా?”

“అది ఎప్పుడూ అనేదే. నేనెప్పుడు పట్టించుకున్నాను గనక.”

“మరి?”

“మరీ లేదు, గిరీ లేదు. అమ్మేద్దామనుకుంటున్నాను.”

“ఇవా? రెండు కొంగల కత్తులా? నువ్వా? నా పెళ్లిచూపుల్లో పెళ్లికొడుకు మొహం చూడకముందు వాళ్ల తాతగారి జేబులో కత్తి చూసినవాడివి!”

“అది ముక్కులు కలిసిన ముద్రే. చూడక ఏం చెయ్యను?”

“అదే మరి. అక్షరాలకన్నా ముందు నాకు అదే నేర్పావు కదా. బ్లేడు మొదట్లో రెండు కొంగలుంటాయి. ముక్కులు తాకుతుంటే కొలిమి పెద్దాయన చేత్తో చేసింది. మధ్యలో సందుంటే అచ్చు అరిగాక కొడుకులు చేసింది. నువ్వు పుట్టకముందే ఆ కొలిమి ఆరిపోయింది. ఆ పెద్దాయన మొహం ఎరిగినవాడు ఇవాళ ఎవడూ లేడు. నువ్వు మాత్రం సొంత మేనమామ గురించి చెప్పినట్టు చెబుతావు.”

“మేనమామలు అంత నిక్కచ్చిగా ఎక్కడ పనిచేశారులే.”

“అదిగో, నవ్వావు. ఇప్పుడు చెప్పు, ఏమైంది?”

“ఏమీ కాలేదు.”

“పెట్టెని చేత్తో ఎత్తకుండా కాలితో నెట్టావేం?”

“వయసు.”

“మొన్న ఆదివారం నా కళ్లజోడుకి మర బిగించావు. ఆవగింజంత మర. అప్పుడు లేదా వయసు? ఊళ్లో సగం లిఫ్టులు బాగుచేసిన చేతులు నాన్నా అవి. సరే, పెట్టె తెరువు. ఒకసారి చూసి తీసుకుపోతాను.”

“నువ్వే తెరుచుకో.”

“ఎప్పుడైనా నన్ను తెరవనిచ్చావా? వేలిముద్రలు పడతాయి, తుప్పు పడుతుంది అంటావు. రా, నువ్వే చూపించు.”

“నేను ముట్టుకోను.”

“ఏంటీ?”

“ముట్టుకోనన్నాను కదే! ఎన్నిసార్లు చెప్పాలి? ముట్టుకోను, ముట్టుకోను, ముట్టుకోను!”

“నాన్నా... నన్ను భయపెడుతున్నావు.”

“భయపడు. నువ్వు భయపడితేనే నా మాట వింటావు.”

“కూర్చో ముందు. మంచినీళ్లు తాగు. తాగు. ఆ. ఇప్పుడు నెమ్మదిగా చెప్పు.”

“చెప్పడానికేముందే. ఈమధ్య కొన్ని... జారిపోతున్నాయి.”

“జారిపోవడమేంటి?”

“మొన్న ఇంటికొచ్చే దారిలో మూల తిరిగాను. అంతే. ఏ వీధో తెలీలేదు. పాలవాడు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి దింపాడు. మీ అమ్మతో కాలు బెణికిందని చెప్పాను.”

“ఒక్కసారి దారి తప్పితే...”

“ఒక్కసారని ఎవరన్నారు?”

“సరే. సరేలే. కళ్లు మూసుకో.”

“ఎందుకు?”

“మూసుకో అంటుంటే. చిన్నప్పుడు నువ్వు నాకు పెట్టిన పరీక్షే. ఇదిగో, ఒకటి తీసి మూస్తున్నాను. విను.”

“...నల్లకొమ్ము పిడి. పెద్దాయన చేసిందే. మూసేటప్పుడు స్ప్రింగు గొణగదు, ఒక్క మాట చెప్పి ఊరుకుంటుంది.”

“ఇది?”

“ఎముక పిడి. కొడుకులది. బ్లేడు కాస్త పక్కకి వాలి ఉంటుంది. రైలు స్టేషను దగ్గర తాళాలు బాగుచేసే ముసలాయన ఇచ్చాడు. ఊరికే ఇవ్వలేదు, వాళ్ల మేడకి లిఫ్టు బాగుచేయించుకుని ఇచ్చాడు.”

“చూశావా? అన్నీ గుర్తున్నాయి! నీకేమీ కాలేదు నాన్నా. ఊరికే హడలిపోతున్నావు.”

“అందుకేనే నా భయం.”

“అంటే?”

“కత్తులు గుర్తున్నాయి. ఎలా తియ్యాలో, బొటనవేలు ఎక్కడ ఆనించాలో చేతికి అన్నీ తెలుసు. చెయ్యి దాని పని అది చేసుకుపోతోంది. నేనే... నేను ఉండటం లేదు అక్కడ.”

“నాన్నా, ఏం జరిగింది?”

“మీ అమ్మ వస్తోందేమో చూడు.”

“రావడం లేదు. చెప్పు.”

“నిన్న అన్నం తిన్నాక ఈ కుర్చీలోనే కూర్చున్నాను. పేపరు చదువుతున్నాను. అంతవరకూ తెలుసు. తర్వాత ఏదో చప్పుడైంది. చూసుకుంటే... చూసుకుంటే లోపలి గదిలో ఉన్నాను.”

“ఊఁ.”

“మీ అమ్మ మంచం పక్కన.”

“ఊఁ...”

“అది ఇటు తిరిగి పడుకుని ఉంది. మెడ మీద చెమట కనబడుతోంది. నా చేతిలో నల్లకొమ్ము కత్తి ఉంది.”

“మడిచే ఉందిగా? మడిచే ఉంది కదా నాన్నా?”

“లేదు.”

“తెరిచి ఉందా?”

“తెరిచి ఉంది. అలా చూడకే. ఏదైనా అను. తిట్టు.”

“పండేమైనా కోద్దామని లేచావేమో. లేక నూనె రాద్దామని...”

“నాకూ అలాగే అనుకోవాలని ఉంది. రాత్రంతా అనుకున్నాను. పండు లేదు. నూనె సీసా లేదు. నేనూ, కత్తీ, అదీ. ఎందుకెళ్లానో తెలీదు. ఆ చప్పుడు కాకపోతే ఏం చేసేవాణ్నో తెలీదు. ఇన్నేళ్లు చెయ్యెత్తి ఎరగను దాని మీద. నువ్వు చూశావుగా? ఎప్పుడైనా చూశావా?”

“లేదు నాన్నా. ఎప్పుడూ లేదు.”

“లోపల ఎవడున్నాడే మరి? వాడెవడో నాకు తెలీదు. వాడికి మాత్రం నా కత్తులన్నీ తెలుసు.”

“ఏడవకు. ఇటు చూడు. ఇటు చూడు నాన్నా. పెట్టె తీసుకుపోతాను. వంటింట్లో చాకులు కూడా తీసేస్తాను. రేపు పొద్దున్నే డాక్టరు దగ్గరికి వెళ్దాం, నేను సెలవు పెడతాను.”

“మీ అమ్మని కూడా తీసుకుపో.”

“అమ్మ నిన్ను వదిలి వస్తుందా?”

“నీకు ఒంట్లో బాలేదని చెప్పు. ఏదో ఒకటి చెప్పు. ఈ ఇంట్లో ఉండకూడదు అది. నేను నిద్రపోవడం లేదు. నిద్రపోతే లేస్తానేమోనని భయం. కూర్చుని, నా చేతులు నేనే చూసుకుంటున్నాను.”

“మెట్ల మీద చప్పుడు.”

“పెట్టె దాచు! దాచవే! కొంగు కప్పు దాని మీద!”

“ఈ కూరల సంచీ అందుకో. ఎవరికి ఒంట్లో బాలేదట? తలుపు బార్లా తీసి ఉంచారు, మీ మాటలు కింది మెట్టు దాకా వినిపిస్తున్నాయి. ఏమే, ఈ ఎండలో వచ్చావేంటి?”

“ఊరికే అమ్మా. ఇటు పనుండి...”

“పనుండి వచ్చినదానివి చీరకొంగు పెట్టెకి కప్పావేం? చలేస్తోందా దానికి?”

“అమ్మా...”

“మీరు చెప్పండి. దాన్ని కాదు, మిమ్మల్నే అడుగుతున్నాను.”

“అమ్మేద్దామని. అంతే.”

“అబద్ధం చెప్పడం మీకు పెళ్లినాడూ చేతకాలేదు, ఇప్పుడూ చేతకాదు. నిన్నటి సంగతేనా?”

“నిన్న... నిన్న ఏం సంగతి?”

“కత్తి పట్టుకుని నా మంచం దగ్గర నిలబడ్డ సంగతి.”

“అమ్మా, నీకు తెలుసా!”

“నిద్రపోతేగా తెలీకపోవడానికి. కళ్లు మూసుకుని ఉన్నాను, అంతే.”

“చూస్తూ పడుకున్నావా? అరవకుండా, లేవకుండా? నీకేమైనా మతి పోయిందా అమ్మా?”

“అరిస్తే ఏమవుతుంది? ఉలిక్కిపడతారు. చేతిలో కత్తి. ఆయన వేళ్లే తెగుతాయి.”

“నువ్వు అమ్మాయితో వెళ్లిపో. ఇవాళే. ఇప్పుడే. నా మాట విను, నీ కాళ్లు పట్టుకుంటాను.”

“ఊరుకోండి. కాళ్లూ లేవు, చేతులూ లేవు. నేనెక్కడికీ వెళ్లను.”

“నీకు అర్థం కావడం లేదు! నిన్న ఆ చప్పుడు కాకపోతే...”

“కింద ఎవరో తలుపు దడాలున వేశారు. అది కాకపోతే ఏమయ్యేదో నాకు తెలుసు.”

“ఎలా తెలుసు?”

“నిన్న మొదటిసారి కాదు కాబట్టి.”

“...అమ్మా?”

“ఎండలు ముదిరినప్పటి నుంచీ వస్తున్నారు. మధ్యాహ్నం పూటే. నిన్న మధ్యలో మెలకువ వచ్చేసింది, పాపం.”

“మరి ఒక్క ముక్క నాకు చెప్పొద్దా? ఏదైనా జరగరానిది జరిగుంటే?”

“చెబితే ఏం చేస్తావు? ఇప్పుడు చేస్తున్నదే. పెట్టె పట్టుకుపోతావు. ఆయన బజారుకి వెళ్లినా, ఎవరితో నాలుగు మాటలు కలిపినా ఆ కొంగల కోసమే కదే. ఆ పెట్టె వెళ్లిపోతే ఈ కుర్చీలో మిగిలేదెవరు? డాక్టరుకి చూపించాలి, అది నాకూ తెలుసు. నేనే చెప్పాలనుకుంటున్నాను, నోరు రావడం లేదు. మొదటిరోజు నేనూ హడలిపోయాను. అబద్ధమెందుకు? లేచి కూర్చున్నాను, పారిపోదామంటే ద్వారానికి అడ్డంగా ఈయనే.”

“ఏం చేశాను? చెప్పు. నేనేం చేశాను నిన్ను?”

“వినగలరా?”

“చెప్పవే, చచ్చిపోతున్నాను ఇక్కడ! తెరిచిన కత్తి పట్టుకుని మంచం దగ్గరికొచ్చి ఏం చేశాను?”

“బ్లేడు చొక్కా అంచుతో తుడిచారు. మడిచారు. పిడి నా వైపు పెట్టి చెయ్యి చాచారు. నన్ను పరాయి మనిషిని చూసినట్టు చూసి, ‘ఎవరో గానీ తల్లీ, మా ఆవిడ ఇక్కడే ఎక్కడో పడుకుని ఉంది, నా మనసు మనసులో లేదు, దానికి తగలకుండా దీన్ని కాస్త దాచిపెట్టండి’ అన్నారు. వచ్చిన ప్రతిసారీ అదే మాట.”