బోనెట్టు మీద కొబ్బరినూనె

మళ్ళీ ఏమైందండీ రసూల్ గారూ? ఈ శనివారానికి కారుకి నీలం రంగు కొట్టేసి చూపిస్తానన్నారు కదా. పొద్దున్నే గూడెంలో పాసింజరెక్కి, ఏలూరు దాకా నిలబడే వచ్చానండీ. వచ్చేసరికి మీరేమో స్ప్రే గన్ను పట్టుకుని నా మొహంలోకి చూస్తున్నారు.

ఏదీ, చూడనివ్వండి. ఆఁ, చూశాను. బోనెట్టంతా గుంటలే. చేప కళ్ళలాగా. మొన్న రంగు కింద ప్రైమరు కొట్టినప్పుడూ ఇలాగే వచ్చింది కదా.

మీ పనిని తప్పు పట్టట్లేదండీ. మొత్తం మీరే చేస్తే ఆ ఖర్చు నేను తట్టుకోలేనన్నాను. "పాత రంగు గీకుడూ రుద్దుడూ మీరే చేసుకోండి బాబాయిగారూ, సగం తగ్గిపోద్ది" అన్నారు. మీ షెడ్డులోనే చోటిచ్చారు. రుద్దే వాటర్ పేపరు ఎలా పట్టుకోవాలో, నీళ్ళు ఎంత పొయ్యాలో చూపించారు. డెబ్బై ఏళ్ళొచ్చాక కిరాణా కొట్టు రామమూర్తికి కొత్త విద్య. ఐదు వారాలు రుద్దానండీ ఈ ఫియట్ని. వేళ్ళ మీద గీతలు అరిగిపోయి, రేషన్ డిపోలో మిషను నా వేలిముద్ర తీసుకోనంటోంది.

పైన తెల్లరంగు పోయి కింద లేత నీలం బయటపడింది చూడండి, ఆ రోజు మాత్రం నాకు చేతులాడలేదు. కొన్నప్పటి రంగు అది. ఆ రంగులో ఉండగానే ద్వారకా తిరుమల తీసుకెళ్ళి పూజ చేయించాం. మా ఆవిడ లక్ష్మీకాంతమ్మని పెదపాడు పుట్టింటికి తీసుకెళ్తే, చెరువు గట్ల మీద నీలం కనపడగానే వాళ్ళ వాళ్ళు ఎదురొచ్చేవారు. తర్వాత ఎండకి చల్లగా ఉంటుందని నేనే తెల్లరంగు వేయించేశాను. ఆవిడ రెండ్రోజులు నాతో మాట్లాడలేదండీ.

ఇప్పుడు మాట్లాడుతుంది. "కూచోండి, మా వారు నీలం కారేసుకుని కొట్టు నుంచి వచ్చేస్తారు, ఈలోపు కాఫీ తాగండి" అంటుంది. ఎవరితోననుకున్నారు? నాతోనే. నన్ను గుర్తుపట్టడం మానేసి రెండేళ్ళయింది. కోడలు సత్యవేణిని పోల్చుకుంటుంది. పాలు పోసే ఆయన్నీ పోల్చుకుంటుంది. నేను కుర్చీలో కూచుని కాఫీ తాగి, వెళ్ళొస్తానండీ అని చెప్పి, వీధిలోకి వెళ్ళి కాసేపు నిలబడతాను. రోజూ అంతే. ఏడుపు కూడా రావట్లేదండీ ఈమధ్య.

అందుకే కదా ఈ నీలం. ఆ కారులోంచి గుమ్మం ముందు దిగితే నన్ను పోల్చుకుంటుందేమోనని. మీకు మొదటిరోజే చెప్పాను. మీరు డిక్కీ మూత లోపల మిగిలిన పాత నీలం పక్కన పెట్టుకుని, నాలుగుసార్లు కలిపించి మరీ ఆ రంగు పట్టుకొచ్చారు.

ఏంటీ? మళ్ళీ నూనె రాశానా అంటారా?

మొదటిసారి నిజంగా తెలీకే రాశానండీ. కొట్లో ప్రతి శుక్రవారం కాటా కడిగి, ఇనప రాళ్ళకి కొబ్బరినూనె రాసేవాణ్ణి, తుప్పు పట్టకుండా. మా నాన్నగారు నేర్పిన పని. రుద్దీ రుద్దీ రేకు తేలి మెరుస్తుంటే, ఈ కొల్లేటి గాలికి తెల్లారేసరికి తుప్పెక్కుతుందనిపించింది. చెయ్యి దానంతటదే సంచిలో, ఇంటికని కొన్న నూనె సీసా మీదకి పోయింది. అప్పుడు మీరు కోప్పడలేదు కూడా. "జిడ్డుంటే రంగు నిలవదండీ, ఇంకెప్పుడూ రాయకండి" అన్నారు. థిన్నరు పెట్టి అంతా మీరే తుడిచి, ప్రైమరు మళ్ళీ కొట్టారు.

వద్దండీ. పెద్దాయన, అలవాటు కొద్దీ మర్చిపోయి రాసేసుంటారని నన్ను వెనకేసుకు రాకండి. ఇదిగో, టీ ఇస్తూ మీ అమ్మాయి రబియా కూడా అదే మాటంటోంది. మా ఇంట్లో మర్చిపోయేది ఒక్కళ్ళేనండీ. అది నేను కాదు.

నిన్న శుక్రవారం మీరు నమాజుకి వెళ్ళారు. షెడ్డులో నేనొక్కణ్ణే ఉన్నాను. నిన్నటి నూనె ఇంటి నుంచి తెచ్చుకున్నదే, కావాలనే. బోనెట్టు మీద రాశాను. తలుపుల మీద కూడా రాశానండీ, మీరింకా అటు రాలేదు. పైకి కనపడకుండా గుడ్డ పెట్టి తుడిచేశాను.

ఎందుకంటారా? రంగు పూర్తవుతుంది. నేను కారు దిగుతాను. ఆవిడ గుమ్మంలోకొచ్చి కారు చూస్తుంది, నన్ను చూస్తుంది. చూసి, "కారు మీరు తెచ్చారేంటండీ, మా వారేరీ?" అంటే? ఇన్నాళ్ళూ తప్పు తెల్లరంగుదే అనుకుంటూ వచ్చాను. నీలం వేశాక ఎవరిదనుకోనండీ?

అలా చూడకండి. మీ కష్టం పాడుచేశాను, తప్పే. ఆ థిన్నరు డబ్బా ఇలా ఇవ్వండి, తలుపులు నేనే తుడుస్తాను. వచ్చే శుక్రవారం వెళ్ళేటప్పుడు షెడ్డుకి తాళం వేసుకెళ్ళండి. నేను లోపలుంటే, నన్ను బయటికి పంపించి మరీ వెయ్యండి.

తాళం వెయ్యకపోయినా సరే. నాకేం తొందర లేదండీ.