పచ్చద్రాక్ష మూడు వరసలు

ఆ వాసనా? అది ద్రాక్షది కాదు పిల్లా, మా అత్తది. నవ్వకు. ఈ ఇంటికి కోడలిగా వచ్చి ఇంకా నెల తిరగలేదు నీకు. వైను గ్లాసు ముక్కు కింద పెట్టుకుని, 'ఇదేంటి నానమ్మా, పీచ్ పండులాగా, ఏదో పువ్వులాగా' అంటున్నావు చూడు, ఆ పువ్వు మా అత్త తెక్లె. తక్కిందంతా ర్కత్సితేలి, మన ఎర్రకాడ ద్రాక్ష. దానికి పులుపుంది, ఒళ్ళుంది, ఏళ్ళ తరబడి చెక్కుచెదరని మొండితనం ఉంది, పరిమళం ఒక్కటే లేదు. అచ్చం మా మామ జకారియా. అందులో ఐదో వంతు మ్త్స్వానె, అదే మన పచ్చద్రాక్ష, పడితేనే మన కాఖేతి సీమలో దాన్ని తెల్ల వైను అనేవాళ్ళు. తొక్కలతో కలిపి బానలో పులియబెడితే తేనెరంగు వస్తుందనుకో, అయినా తెల్ల వైనే. ఇప్పటివాళ్ళు సీసా మీద బొమ్మ చూసి కొంటున్నారు, వాళ్ళ ఖర్మ.

ఏం చెబుతున్నానూ... ఆఁ, అత్త. చీపురుపుల్లంత మనిషి. పెళ్ళయి వచ్చేటప్పుడు అలజాని ఏరు అవతల పుట్టింటి తోటలో పచ్చద్రాక్ష కొమ్మలు కోసుకుని, తడిగోనెలో చుట్టి, బండిలో ఒళ్ళో పెట్టుకుని వచ్చిందట. మొగుడి చెయ్యి పట్టుకోవడానికి చెయ్యి ఖాళీ లేదని మా మామ చచ్చేదాకా దెప్పాడు. కంచె వెంట మూడు వరసలు వేసింది. ఆయన సంగతి చెప్పాలా? విందులో తాగే కొమ్ము నిండా వైను పోసుకుని లేచాడంటే తాతలు, తీగలు, ఈ మట్టి అంటూ అందరినీ ఏడిపించేవాడు, తనూ ఏడ్చేవాడు. ఒకసారి అలా ఏడ్చిన మర్నాడే, అదే నోటితో, కోత అవగానే పచ్చద్రాక్ష పీకేస్తానన్నాడు. వైను కర్మాగారంవాళ్ళు తూకం చూసి కొంటారు గాని వాసన చూసి కాదు, దానికి కాపు తక్కువ, ఊరంతా పీకేసింది, మనకేం రోగం అన్నాడు. మా అత్త ఏమీ అనలేదు. ఆవిడ అరిస్తే నాకు భయం ఉండేది కాదు. ఊరుకుందంటే మాత్రం గిన్నెలు పక్కకి సర్దేసుకునేదాన్ని.

కోతకి ముందు బానలు కడగాలి కదా. మన పెద్ద బాన చూశావుగా, నేలలో మెడదాకా పాతింది, మనిషి మీద మనిషి నిలబడ్డా తల పైకి కనపడదు. ముందు కొవ్వొత్తి దింపి చూశారు, ఆరలేదు, అంటే లోపల గాలి మంచిదే. మా మామ చెర్రీ బెరడు కుంచె పట్టుకుని నిచ్చెన మీద దిగాడు. దిగినవాడు పాడుతూనే ఉండాలి, అది ఇక్కడి పద్ధతి. పాట వినపడుతోందంటే ఊపిరి ఆడుతోందన్నమాట. ఆగిందంటే లోపలి గాలికి పడిపోయాడని, పైవాళ్ళు పరిగెత్తాలి. ముందటేడే పక్క ఊళ్ళో ఒకతను అలాగే పోయాడు. మా మామ గొంతు బయట వింటే దున్నపోతు, బానలోంచి వింటే చర్చిలో పదిమంది పాడినట్టు. మంచి ఊపులో ఉండగా మా అత్త నిచ్చెన పైకి లాగేసింది. నా చేతిలో నీళ్ళ బకెట్టు, అలాగే నిలబడిపోయాను. పాట ఆగలేదు గాని మాటలు మారాయి. 'ఏమే తెక్లే, నిచ్చెనేదే' అని అదే రాగంలో. పీకనని ఒట్టెయ్యి, దింపుతానంది ఈవిడ. ఆయన నవ్వాడు. తర్వాత ఆవిడ పుట్టింటివాళ్ళని ఒక్కొక్కర్నీ పేరు పెట్టి తిట్టాడు. బాన కదా, ప్రతి తిట్టూ రెండుసార్లు వినపడింది. ఈవిడ అంచున కూచుని చిక్కుళ్ళు ఒలుచుకుంటోంది. అంతలో ఆయన ఆగిపోయాడు.

చప్పుడు లేదు. 'నటన' అంది మా అత్త నాతో. ఇంకో కాయ ఒలిచింది. గింజలు పారేసి తొక్క గిన్నెలో వేసింది. అది చూసి నేను బకెట్టు కింద పెట్టేశాను. ఆవిడ ఒక్క ఉదుటున లేచి, నిచ్చెన దింపి, తనే దిగింది. అడుగున కాలు మోపిందో లేదో, ఈ మహానుభావుడు కోతిలా పైకెక్కొచ్చి, నిచ్చెన లాగేసి, మీసం తుడుచుకున్నాడు. 'ఇప్పుడు చెప్పవే రాణీ.' ఆవిడ చెప్పలేదు. పాడలేదు కూడా. 'నా విద్య నా మీదేనా' అని నాకేసి చూసి కన్ను కొట్టాడు. అది నటనేనని ఆయనకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు, ఇప్పుడే తను ఆడి వచ్చిన నాటకం. అయినా ఆ నవ్వు మొహాన నిలవలేదు. దగ్గాడు. ఊరికే బకెట్టుని తన్నాడు. తర్వాత నేలమీద బోర్లా పడుకుని తల బానలో పెట్టాడు. 'తెక్లే, పాడవే. ఏదో ఒకటి పాడు, జోలపాటైనా సరే.' లోపల చీకటి. 'పీకనే. మా అమ్మ మీద ఒట్టు. పాడవే.' అప్పుడు అడుగునుంచి, కూర ధర అడిగినంత మామూలుగా, 'మూడు వరసలూనా?' అంది.

'మూడు వరసలూ' అన్నాడు. అయితే నీళ్ళు పంపమంది, గోడలకి మడ్డంతా అలాగే వదిలేశాడంది, అప్పుడు మొదలుపెట్టింది పాట. ఆవిడకి రాగం వచ్చేది కాదు పాపం. ఆ తర్వాత ప్రతి విందులోనూ ఆయన ఈ కథ చెప్పి, చివరికి పైనున్నది నేనే కాబట్టి నేనే గెలిచాననేవాడు. ఆవిడ కాదనేది కాదు. గ్లాసులు నింపేది.

ఆవిడ పోయిన ఏడాది, మంచు కరగ్గానే, కంచె వెంట ఒక్కడే గుంటలు తవ్వుతున్నాడు. పచ్చద్రాక్షకి నాలుగో వరస. అప్పటికి కర్మాగారంవాళ్ళు ఆ ద్రాక్ష మొహం చూడటమే మానేశారు. ఎందుకు మామా అని అడగబోయాను. తలెత్తకుండానే, 'నిలబడతావేం, నీళ్ళు తే' అన్నాడు. తెచ్చాను. ఇంకేముంది... అటు చూడు, రొట్టెల పిండి పొంగి గిన్నె దాటుతోంది. లే, లేచి పొయ్యి రాజెయ్యి.