ఎర్ర గుండుసూది

స్టేషన్ గోడమీది మ్యాపులో కేసుకో ఎర్ర గుండుసూది గుచ్చాలి. ముసలి హెడ్ కానిస్టేబుల్ దాని దుమ్ము దులుపుతుంటే, కొత్తగా చేరిన అమ్మాయి అడిగింది.

"ఒక్క సూదీ లేదేంటి బాబాయ్? దొంగలంతా సన్యాసం పుచ్చుకున్నారా?"

"మన పెద్దసారు క్రిమినాలజీ చదివొచ్చారుగా! సీసీ ఫుటేజీ తేనిదే ఫిర్యాదు తీసుకోవద్దన్నారు. ఫిర్యాదు లేదు, సూదీ లేదు. నేరాలు తగ్గించేశారని ఇవాళ ప్రమోషన్ కూడానూ!"

"ఛీ!"

"పొద్దున సారు వాళ్ళమ్మే వచ్చింది, ఎవడో మెళ్ళో గొలుసు తెంపుకుపోయాడని."

"రాసుకున్నారా?"

"సారుకే ఫోన్ చేశా. 'సాయంత్రం మంత్రిగారొస్తున్నారు, మ్యాపు జోలికెళ్ళకు' అన్నారు."

"కన్నతల్లి కదా బాబాయ్!"

"ఆవిడ మెడంతా ఎర్రగా కోసుకుపోయిందమ్మా. ఈయనకేమో మ్యాపులో ఎరుపు కనబడకూడదట."